డాలు పెంకు వెనక చిల్లు

"చూడకుండా గీస్తే ఇలాగే ఉంటుంది" అంటూ మా జువాలజీ మేడం నా రికార్డులో బొమ్మను ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. సోమవారానికల్లా సరైన బొమ్మ గీసి సంతకం పెట్టించుకోకపోతే ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ బొమ్మ కొబ్బరి చెట్లను పాడుచేసే కొమ్ము పురుగుది. మా నాన్న ఐనవిల్లి చుట్టుపక్కల తోటల్లో కొబ్బరి దింపు తీస్తాడు. చెట్టెక్కినప్పుడల్లా నడినెత్తిన లేతాకుల మొవ్వులో దూరిన పురుగును ఇనుప చువ్వతో గుచ్చి లాగి కిందపడేస్తాడు. అమలాపురంలో మా కాలేజీ మొత్తం మీద నాకన్నా ఎక్కువ కొమ్ము పురుగుల్ని చూసినవాళ్లెవరు?

చూడడమైతే చూశాను, పైనుంచి. తల వెనక నున్నగా మెరిసే డాలు లాంటి పెంకు ఉంటుంది. వక్షమంటే అదొక్కటే అనుకున్నాను. దాని వెనకున్న రెక్కల్ని పొట్టకు తగిలించేశాను. వక్షం మూడు ముక్కలని, ముక్కకో జత కాళ్లని, రెక్కలు వెనక రెండు ముక్కలవని పుస్తకంలో చదివాను కూడా. అయినా గీసేటప్పుడు నా కళ్లనే నమ్మాను.

శనివారం నాన్న వెంట తోటకు వెళ్లి, చిల్లు పడని పురుగు ఒక్కటి తీసివ్వమన్నాను. మూడు పురుగులు తీశాడు. మూడింటికీ ఒకేచోట చిల్లు, డాలు పెంకు వెనక అంచున.

"ఎప్పుడూ అక్కడే గుచ్చుతావేం నాన్నా?"

"ఇంకెక్కడ పొడిచినా చువ్వ జారిపోద్దమ్మా. అక్కడ అతుకుంటాది. చేతికి తెలుస్తాది."

అక్కడే కూర్చుని పురుగును వెల్లకిలా తిప్పాను. ముందు కాళ్లు డాలు ముక్కకున్నాయి. అతుకు దాటాక రెండో జత, దాని వెనక మూడో జత. రెక్కలు ఎత్తి చూస్తే వాటి మొదళ్లూ ఆ వెనక ముక్కల్లోనే ఉన్నాయి. సిగ్గేసింది. పక్కనుంచి, రెక్కలు ఎత్తిపెట్టి గీశాను. నాలుగు బొమ్మలు చింపాక ఐదోది కుదిరింది.

సోమవారం మేడం బొమ్మంతా చూసి ఓ నల్లచుక్క మీద వేలు పెట్టారు.

"ఇదొక్కటీ చెరిపెయ్. సంతకం పెడతాను."

రబ్బరు చేతిలోనే ఉంది. చెరపలేదు.

"అది మా నాన్న చువ్వ దిగిన చోటండి. మొదటి ముక్క అక్కడితో అయిపోద్దండి. ఈసారి చూసే గీసేనండి" అని సబ్బుపెట్టెలో తెచ్చిన పురుగును బల్ల మీద పెట్టాను.

మేడం ఆ చిల్లులో సూది మొన పెట్టి అతుకును మెల్లగా కదిపి చూశారు. రికార్డులో సంతకం చేశారు.

"అన్నిటికీ పేర్లు రాసి దీన్నొదిలేశావేం?"

చుక్క నుంచి గీత లాగి రాశాను: మా నాన్న గుచ్చిన చోటు.