సీటుకీ నడుముకీ మధ్య

నందిగామలో సిమెంటు దింపుతుంటే మా ఆవిడ ఫోన్ చేసి, జగ్గయ్యపేటలో మా ఫిజియోథెరపీ డాక్టరు గారు పొద్దున్నే పోయారని చెప్పింది. ఆ మాట వినగానే నా చెయ్యి దానంతటదే నడుం మీదికి పోయింది.

నేను ఆయన దగ్గరికి వెళ్లేనాటికే ఎనిమిదేళ్లుగా నడుంనొప్పి. ముక్త్యాలలో సిమెంటు లోడు ఎత్తుకుని రెండు గంటలు లారీ నడిపితే, తలుపు పట్టుకుని వేలాడుతూ దిగాల్సి వచ్చేది. లారీ అమ్మేద్దామనుకున్నాను. కానీ నాకు చేతనైన పని అది నడపడం ఒక్కటే.

ఆయన మొదట అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేవారు. బొటనవేళ్లతో వెన్నుకి అటూ ఇటూ నొక్కుతూ వచ్చి సరిగ్గా నొప్పి దగ్గర ఆగేవారు.

"ఇంటి దగ్గర ఎక్సర్‌సైజులు చేస్తున్నావా?"

"చేస్తున్నానండి."

"నీ నడుం చెయ్యట్లేదంటోందయ్యా" అని అక్కడే ఇంకాస్త నొక్కేవారు. ఆయన దగ్గర అబద్ధం ఆడి లాభం లేదు.

నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంటే, ఒక ఆదివారం ఆయనే లారీ దగ్గరికొచ్చారు. అరవై దాటిన మనిషి, ఆయాసపడుతూ క్యాబిన్ ఎక్కి నా పక్కన ఒదిగి కూర్చున్నారు. సీటుకీ నా నడుముకీ మధ్య అరచెయ్యి దూర్చి "ఇక పోనీ" అన్నారు. కంచికచర్ల దాకా ఆ చెయ్యి తియ్యలేదు.

"ముందు ఆటో కనబడితే చాలు, నీ నడుం బిగుసుకుపోతోంది. ఎప్పుడన్నా గుద్దావా?"

మా ఆవిడకి కూడా చెప్పని సంగతి ఆయనకి చెప్పాను. ఏళ్ల కిందట నందిగామ దగ్గర ఒక ఆటోని వెనక నుంచి గుద్దాను. ఎవరికీ ఏమీ కాలేదు, నా భయం మాత్రం పోలేదు.

ఆయన "బ్రేకు కాలితో తొక్కు, నడుంతో తొక్కకు. ఊపిరి వదులు" అన్నారు.

దిగాక చూస్తే ఆయన చెయ్యి ఎర్రగా కంది, సీటు కవరు అచ్చు పడి ఉంది. నొప్పెట్టిందా అండీ అనడిగాను. "నేనెంతకాలం పట్టుకుంటానయ్యా, ఇక నువ్వే చూసుకో" అని నవ్వారు. నేనూ నవ్వాను.

నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని ఆయనా చెప్పలేదు. లారీ మాత్రం అమ్మలేదు.

ఫోన్ పెట్టేసి, ఖాళీ లారీతో జగ్గయ్యపేటకి బయలుదేరాను. ఊరు దాటుతుంటే ముందు ఒక ఆటో ఉన్నట్టుండి ఆగింది. ఊపిరి వదిలి బ్రేకు తొక్కాను. నడుం బిగియలేదు. అయినా ఆయన చెయ్యి కావాలనిపించింది, నొప్పి కోసం కాదు. పేట చేరేదాకా వెనక్కి ఆనలేదు. సీటుకీ నడుముకీ మధ్య ఒక అరచెయ్యి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాను.