యార్క్ స్టేషన్‌లో అమ్మ దిగిన రోజు

ఇవాళ వర్జీనియాలో రైలు కోసం నిలబడితే డీజిల్ పొగ వాసన గుప్పున తగిలింది. ఇంగ్లండ్‌లో పెరిగిన మనవాళ్ళూ, గుర్తుందా? ఇంజన్ గుర్రుమంటుంటే కిటికీ అద్దాలు వణికేవి, గరుకు సీట్లు కాళ్ళకు గుచ్చుకునేవి.

నాకప్పుడు ఏడేళ్ళు. లీడ్స్ నుంచి న్యూకాజిల్ వెళ్తున్నాం. పొద్దున్నే ఇంట్లో పెద్ద గొడవైంది. రైల్లో నాన్న నిద్రపోయారు. యార్క్‌లో అమ్మ "టీ తెస్తా" అని దిగింది. గార్డు ఈల వేశాడు. అమ్మ మాత్రం ప్లాట్‌ఫామ్ మీద కదలకుండా నిలబడి ఉంది. "అమ్మా!" అని గట్టిగా అరిచాను. పరుగెత్తుకొచ్చి ఎక్కింది. చేతిలో టీ లేదు.

ఇందాక ఫోన్ చేసి అడిగాను, "ఆ రోజు ఎందుకమ్మా అలా నిలబడిపోయావు?"

"రైలు వెళ్ళిపోతే బాగుండుననుకున్నానే. నీ గొంతు విని ఎక్కేశా."

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నాన్న కోపాన్ని భరించింది. "సారీ అమ్మా" అన్నాను.