పెద్దమ్మ పరీక్షలో నెగ్గిన కుట్టుమిషన్

మా భాగీరథి పెద్దమ్మ ఏ వస్తువునూ పరీక్ష పెట్టకుండా కొనదు. ఇలా చెబితే మంచి గుణంలాగే వినిపిస్తుంది. ఆమెతో జహీరాబాద్ బజారుకు వెళ్లినవాళ్లను అడగాలి అసలు సంగతి.

చెప్పులు కొనాలంటే మనం దుకాణంలో నాలుగడుగులు వేసి చూస్తాం. పెద్దమ్మ కొత్త చెప్పులు తొడుక్కుని, పాతవి అక్కడే వదిలి, రైల్వే స్టేషన్ దాకా వెళ్లి, దారిలో కూరగాయలు కూడా కొనుక్కుని తిరిగొస్తుంది. "ఎడమది జర కరుస్తున్నది" అని విప్పేస్తుంది. మంచం కొనడానికి వెళ్లి దుకాణంలోనే కునుకు తీసింది. లేపితే, "ఇంక కల పడలే. పడ్డంక చెప్త" అని అటు తిరిగి పడుకుంది. గొడుగు సంగతి మరీ ఘోరం. దుకాణదారు చేత గొడుగు మీద బిందెడు నీళ్లు పోయించింది. ఆయన నిలువునా తడిశాడు, గొడుగు కింద పెద్దమ్మ మీద చుక్క పడలేదు. "మంచిగున్నది, ఇయ్యి" అంది.

ఇలాంటి మనిషి ఇంటికి కుట్టుమిషన్ కావలసి వచ్చింది.

మిషన్ పెద్దమ్మకు కాదు, ఆమె కోడలు నవతకు. నవత పెద్దమ్మ కొడుకు పవన్ భార్య, న్యాల్‌కల్ పిల్ల. పవన్ నాకు తమ్ముడి వరస. పెళ్లికి ముందు వాళ్ల ఊళ్లో ఆమె కుట్టిన జాకెట్ వేసుకోని ఆడమనిషి లేదట. ఒకరోజు మోటారు మిషన్ మీద కుడుతుంటే సూది వేలిలోకి దిగింది. గాయం మానింది గానీ భయం మానలేదు. ఇప్పటికీ కొలతలు తీస్తుంది, గుడ్డ కత్తిరిస్తుంది, దారిన పోయే ఆడవాళ్ల జాకెట్లు చూసి "చంక కాడ గుంజింది" అని గొణుక్కుంటుంది. మిషన్ దగ్గరికి మాత్రం పోదు.

"ఇంట్లనే కూసొని కుట్టుకుంటె ఎంత మంచిగుండు వదినె! మనసు పోతున్నది, చెయ్యి పోతలేదు" అని ఒకసారి నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

పవన్‌ది తొందర బుద్ధి. కొత్తది కళ్ల ముందు ఉంటే భయం దానంతటదే పోతుందని, ఒక శనివారం ఎవరికీ చెప్పకుండా మిషన్ తెచ్చి ముందు గదిలో పెట్టాడు. నవత దాన్ని చూసి గోడకు అతుక్కుపోయింది. చెయ్యి కొంగులో దాచుకుంది. ఈలోగా కొత్త మిషన్ వచ్చిందని వీధిలో ఆడవాళ్లంతా గడపలో చేరారు. "జర కుట్టి చూపియ్యి పిల్లా!" అన్నారు.

అప్పుడే పెద్దమ్మ వంటింట్లోంచి జొన్నపిండి చేతులతో ఊడిపడింది.

"శనివారం ఇనుము ఇంట్లకు తెస్తవారా? మతి ఉండే తెచ్చినవా? వాపస్ తీస్కపో!"

"అమ్మా, ఫ్రిజ్జు శనివారమే తెచ్చినం గదనే!"

"అందుకే అది రాత్రంత బర్రె లెక్క అరుస్తున్నది. నడువ్, తీస్కపో!"

మిషన్ వచ్చిన ఆటోలోనే తిరిగి వెళ్లింది. చూడటానికి వచ్చినవాళ్లు పెద్దమ్మ చాదస్తం గురించి చెప్పుకుంటూ పోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇగ నేనే కొంట. పరీక్ష పెట్టి కొంట" అని పెద్దమ్మ ప్రకటించింది.

పవన్ తల పట్టుకున్నాడు. "అక్కా, ఇగ మా ఇంట్లకు మిషన్ వచ్చినట్టే!"

అది మొదలు ప్రతి గురువారం పెద్దమ్మ, నవత, నేను శివరాజ్ కుట్టుమిషన్ల దుకాణానికి ఊరేగింపుగా వెళ్లాం. శివరాజ్ వాళ్లు బీదర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. చాలా ఓపిక గల మనిషి. ఆ ఓపిక ఎంతో పెద్దమ్మ వల్లే ఊరికి తెలిసింది.

పెద్దమ్మకు కుట్టులో ఓనమాలు రావు. పరీక్ష పెట్టడానికి అది ఆమెకు అడ్డం కాలేదు. మొదటి వారం నవత చేత స్టీలు గ్లాసులో నిండా నీళ్లు తెప్పించి, మిషన్ బల్ల మీద పెట్టి, శివరాజ్‌ను నడపమంది. నీళ్లు కదల్లేదు, చప్పుడూ రాలేదు. "ఇది నడుస్తున్నట్టా, పండుకున్నట్టా? ఒద్దు" అంది. రెండో వారం ఇంకో మిషన్‌కు చెవి ఆనించి, "దీనికి దమ్ము రోగమున్నట్టున్నది, ఈల పడుతున్నది" అని తేల్చింది. ఆ తర్వాతి వారం చిరిగిన గోనెసంచి చంకన పెట్టుకుని వచ్చింది.

"అయ్యో దేవరే! అమ్మా, ఇది జాకెట్లు కుట్టే మిషన్!" అన్నాడు శివరాజ్.

"జాకెట్లు ఏ మిషనైనా కుడ్తది. గోనె కుడితెనే గదా దాని సంగతి తెల్సేది!"

ప్రతి వారం నవతకు ఏదో ఒక పని తగిలేది. "నాకు కండ్లు ఆనుతలేవు, సూదిల దారం ఎక్కియ్యి బిడ్డా" అనేది పెద్దమ్మ. ఇంకోసారి, "మోటారు బంద్ జేసి చక్రం చేతితోని తిప్పు, బిరుసున్నదేమో చూడు" అనేది. నవత దారం ఎక్కించి చప్పున చెయ్యి కొంగులోకి లాక్కునేది. పెద్దమ్మ అటు చూస్తేనా! పక్క మిషన్ రంగు బాగాలేదని శివరాజ్‌తో కొట్లాటలో ఉండేది.

నాకు ఉండబట్టలేదు. "పెద్దమ్మా, ఆ పిల్ల భయంతోని సస్తుంటే నీ వంకలేందే?" అన్నాను.

"పెండ్లిపిల్లకే వంకలు పెడ్తరు, మిషన్‌కు పెట్టొద్దా? నువ్వు ఊకో" అని నా నోరు మూయించింది.

ఒక గురువారం శివరాజ్ పెద్దమ్మ పాత చీర అంచు కుట్టి చూపించాడు. "వంకర పోయింది" అంది పెద్దమ్మ. గీత గీసినట్టున్న కుట్టు అది! శివరాజ్ చేతులు జోడించాడు. "లెవ్వు, నేనే కుడ్త" అని ఆయన్ని లేపి తను కూర్చుంది. కాలితో పెడల్‌ను తేలును తొక్కినట్టు తొక్కింది. మిషన్ గయ్యిమంది. చీర కుప్పగా లోపలికి పోతోంది, పెద్దమ్మ ఇటు నుంచి లాగుతోంది.

"అట్ల కాదు అత్తమ్మా!" నవత ఒక్క అరుపు అరిచింది. "గుడ్డను గుంజొద్దు! సూది ఇరుగుతది! జరుగున్రి, జరుగున్రి!"

అత్తగారిని దాదాపు తోసేసి కూర్చుంది. చిక్కుపడ్డ దారం తెంపింది, మడత సరిచేసింది, మిషన్ పాదాన్ని గుడ్డ మీదికి దించింది, పెడల్ మీద కాలు పెట్టింది. కుట్టు చీర అంచు వెంట నడిచిపోయింది. మూల తిరిగి రెండో అంచుకు వచ్చాక గానీ తను ఏం చేస్తున్నదో ఆమెకు తెలియలేదు. ఆగి తన వేలు చూసుకుంది. నవత మెల్లగా తలెత్తి శివరాజ్‌ను అడిగింది.

"అన్నా, ఇంకేమన్న గుడ్డ ఉన్నదా?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పెద్దమ్మ మాత్రం కుట్టును గోటితో గీకి చూసి, "మంచిగున్నది, ఇయ్యి" అంది.

"పెద్దమ్మా, ఇది మొదటి వారం సప్పుడు లేదని నువ్వు ఒద్దన్న మిషనే గదా!"

"అప్పుడు లేతగ ఉండె. ఇప్పుడు జర ముదిరింది" అని, మిషన్‌ను ఆటోకు ఎలా కట్టాలో చెప్పడానికి నవతతో బయటికి నడిచింది.

శివరాజ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మొదటి దినం మీరు ఆటో ఎక్కినంక అమ్మ సంచి మర్చిన అని ఎనుకకు వచ్చింది. 'మిషన్ మంచిదే శివరాజ్, మా కోసం పక్కకు పెట్టు. పిల్ల చెయ్యి ఇంక తయారు కాలే. నేను వారం వారం వచ్చి వంకలు పెడ్త, మనసుల పెట్టుకోకు. ఊరంత నన్ను పిచ్చిదన్నా ఫికర్ లేదు, మా కోడలిని మాత్రం ఎందుకు భయమని ఎవ్వరు అడగొద్దు' అన్నది."

"మరి ఆ శనివారం పట్టింపు?"

"ఏం పట్టింపమ్మా! కోడలికని నా కాడ కత్తెర కొన్నది శనివారం నాడే."

అన్నాళ్లూ ఆమె మీద పళ్లు నూరుకున్న నాకు, పరుగెత్తి వెళ్లి పెద్దమ్మను గట్టిగా పట్టుకోవాలనిపించింది.

తర్వాతి వారం వెళ్లేసరికి నవత పక్కింటి అనంతమ్మ మనుమరాలికి గౌను కుడుతోంది. పెద్దమ్మ ఇంట్లో లేదు. ఇదే సందని శివరాజ్ చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. నవత పెడల్ మీది నుంచి కాలు తియ్యలేదు.

"తెల్సు వదినె. సూదిల దారం ఎక్కియ్యమన్ననాడే తెల్సింది. ఎదురింటి బియ్యంల పురుగును మన గడపకెల్లి చూసే మనిషికి సూది బెజ్జం కనపడదా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఆ పరీక్షలు ఆగిపోతుండె గదా. నాకింకొన్ని గురువారాలు కావాల్సి ఉండె." గౌను తిప్పి దాని రెండో చెయ్యిని సూది కింద పెట్టింది. "నువ్వు అత్తమ్మకు గిట్ల చెప్పకు వదినె. నాకేం తెల్వదని మస్తు సంబురంల ఉన్నది, ఉండనీ."