పాత వంతెన దగ్గర ఎర్రదీపం

సిగ్నల్ పెట్టెలో తప్పేమీ లేదు. సదాశివం దాన్ని రెండుసార్లు విప్పి చూశాడు. వైర్లు బిగువుగా ఉన్నాయి, బ్యాటరీ నిండుగా ఉంది, దీపం వెలగాల్సినప్పుడు వెలుగుతోంది. అయినా టైరోన్ వైపు కార్ల వరస కొండవాలు ఎక్కి, మలుపు తిరిగి, చర్చి దాటిపోతోంది. డొనెగల్ వైపు మాత్రం అంతా సాఫీగా నడుస్తోంది. రెండు వైపులా ఒకే రకం పెట్టె, ఒకే రకం దీపం.

2017 వసంతంలో ఆ వంతెన వెడల్పు పని మొదలైంది. ఇటు చివర టైరోన్, అంటే బ్రిటన్; అటు చివర డొనెగల్, అంటే ఐర్లండ్. కింద పారే ఏరుకు మాత్రం ఆ తేడా లేదు. పాల ట్యాంకర్లు, బడి బస్సులు, ఆస్పత్రి డ్యూటీలకు పోయేవాళ్ళు అందరికీ అదే దారి. రెండు లారీలు ఎదురుపడితే అద్దాలు మడుచుకోవలసిందే. పక్కన కొత్త దూలాలు దించుతున్నారు కనుక సగం వంతెన మూశారు. మిగిలిన సగం మీద కాసేపు ఇటు బండ్లు, కాసేపు అటు బండ్లు వదలాలి. ఎవర్ని ఎప్పుడు ఎక్కడ ఆపాలో ఆ పథకం మొత్తం సదాశివం గీసిందే.

అతను చదివి ఇంజనీరైనవాడు కాదు. కొవ్వూరులో పొలం మోటార్లకు వైండింగ్ కట్టేవాడు. 2009లో భార్య హైమావతికి బెల్‌ఫాస్ట్ ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వస్తే వెంట వచ్చి, రోడ్డు మీద కోన్లు పేర్చే పనిలో చేరాడు. ఒకరోజు వానకు మొరాయించిన సిగ్నల్ పెట్టెను ఎవరూ చెప్పకుండానే విప్పి, తుప్పు గోకి నడిపించాడు. అప్పట్నుంచీ పెట్టెలన్నీ అతని చేతికే వచ్చాయి. ఒకరి గీతల ప్రకారం కోన్లు పెట్టడం పోయి, తన గీతల ప్రకారం ఇంకొకరు పెట్టడం మాత్రం ఇదే మొదలు.

సైట్ మేనేజర్ ట్రెవర్ టీ కప్పుతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఈ వారంలో వరస తగ్గకపోతే వంతెన మొత్తం మూసేయమంటున్నారు పైవాళ్ళు. శరదృతువు దాకా."

"మూసేస్తే వీళ్ళంతా ఎటు పోతారు?"

"కొండ చుట్టూ తిరిగి పోతారు. గంట ప్రయాణం. తిట్టేది మాత్రం మనల్నే."

ఆ శనివారం బెల్‌ఫాస్ట్ ఇంటికి వెళ్ళాడే గాని మనసు మనసులో లేదు. సరుకులకు వెళ్తూ లగాన్ నది దాటుతుంటే హైమావతి అలవాటుగా పర్సు తెరిచి, చిల్లర తీసి, కారు అద్దం దించబోయి ఆగింది. గోదావరి వంతెన మీద రైలెక్కిన ప్రతిసారీ నదిలో నాణెం వేసి దండం పెట్టుకున్న చెయ్యి అది.

"మళ్ళీ మొదలెట్టావా? ఇది గోదారి కాదు హైమా."

"నాకు తెలీదేంటండీ? నీళ్ళు కనపడగానే చెయ్యి పోతుంది, నేనేం చేస్తాను? మీకు కలలో కూడా కోన్లే కనపడతాయిగా, నేనేవన్నా అన్నానా?"

సోమవారం సదాశివం పెట్టెల జోలికి పోలేదు. రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని కార్లనే చూశాడు. అప్పుడు తెలిసింది. సిగ్నల్ తల మీద కన్నులాంటి సెన్సర్ ఒకటి ఉంటుంది. ఆగే గీత దగ్గరకు వచ్చిన బండిని అది పసిగడితేనే పచ్చదీపం అడుగుతుంది. చాలామంది గీత దాకా వస్తున్నారు. మధ్యలో ఎవరో ఒక పెద్ద వయసు మనిషి మాత్రం గీతకు చాలా వెనక, మలుపు దగ్గరి తెల్లరాయి పక్కనే ఆగిపోతున్నాడు. కన్నుకు ఆ కారు ఆనడం లేదు. ఎవరూ లేరనుకుని అది ఎరుపు మీదే ఉండిపోతోంది. వెనకవాళ్ళు హారన్ కొట్టరు. ఆ పల్లెల్లో హారన్ కొట్టడమంటే తిట్టడమే.

నీలం రంగు పాత కారొకటి అలాగే తెల్లరాయి దగ్గర ఆగింది. సదాశివం దిగి వెళ్ళాడు. లోపలి ముసలాయన అప్పటికే అద్దం దించి, డ్రైవింగ్ లైసెన్సు బయటికి చాచాడు.

"ఇదెందుకండీ?" అన్నాడు సదాశివం.

ముసలాయన తన చేతిలోని కార్డును తానే వింతగా చూసుకున్నాడు. మెడ ఎర్రబడింది. కార్డు జేబులో పెట్టుకుని, కారు మెల్లగా గీత దాకా తెచ్చాడు. పచ్చదీపం వెలిగింది. వెళ్ళిపోయాడు.

"ముసలాళ్ళకి చూపు ఆనదు. 'గీత దాకా రండి' అని పెద్ద బోర్డు పెట్టు," అన్నాడు ట్రెవర్. పెట్టాడు. ఆ బోర్డు చూసి ముసలాళ్ళు ఇంకా వెనకే ఆగారు.

మర్నాడు టీవీవాళ్ళు వచ్చారు. బ్రిటన్ యూరప్ కూటమి నుంచి విడిపోతోంది కనుక ఆ ఏడాది సరిహద్దు కథలంటే వాళ్ళకు మోజు. సదాశివం పెట్టిన ఎర్రదీపాన్నీ, వంతెన పక్క చదును నేల మీది సైట్ కేబిన్‌నూ తనివితీరా చిత్రీకరించుకుని, "అసలు సరిహద్దు ఎక్కడ?" అని అడిగారు.

"ఆ దూలాల కింద ఎక్కడో ఉంటుందండీ. దాన్ని కూడా వెడల్పు చేస్తున్నాం," అన్నాడు.

వాళ్ళు నవ్వారు గాని, వాళ్ళ కెమెరా ఎటు తిరిగిందో సదాశివం గమనించాడు. దీపం, కేబిన్, దాని మీది ఫ్లడ్‌లైటు. ఊరికి కొత్తవాళ్ళు చూస్తే దీన్నే సరిహద్దు అనుకుంటున్నారు. మరి ఊరివాళ్ళేమనుకుంటున్నారు?

నీలం కారాయన పేరు యూజీన్. మలుపు పైనే అతని పొలం. అడిగి తెలుసుకుని సదాశివం వెళ్ళేసరికి ఊడిన ఇనుప గేటును మళ్ళీ బిగిస్తూ ఒంటరిగా కుస్తీ పడుతున్నాడు. సదాశివం రెండో కొస పట్టుకున్నాడు. బందు కూర్చునే దాకా ఇద్దరూ పని మాటలే తప్ప వేరే మాట్లాడలేదు.

గేటు నిలిచాక యూజీన్ చేతులు తుడుచుకున్నాడు. "నీ గుడిసెని ఆ చదును మీదే ఎందుకు పెట్టావు?"

"చదునుగా ఉందని. అక్కణ్ణుంచి రెండు వైపులా కనపడుతుందని."

"వాళ్ళూ అందుకే పెట్టారు."

"ఎవరు?"

"బ్రిటన్ సైనికులు. సరిహద్దు గొడవల రోజుల్లో ఏళ్ళ తరబడి వాళ్ళ తనిఖీ గుడిసె అక్కడే ఉండేది, నా వయసంతా దాని ముందే గడిచింది. తెల్లరాయి దగ్గర ఆగాలి. హెడ్‌లైట్లు తగ్గించాలి. అద్దం దించి, లైసెన్సు చేతిలో పట్టుకుని, చెయ్యి ఊపేదాకా కదలకూడదు. ముందుకొస్తే ఏమవుతుందో ఎవరూ చూడదలుచుకోలేదు." గేటు గడియ వేస్తూ అన్నాడు. "నాకు తెలుసయ్యా, నువ్వు రోడ్డు పనివాడివి. నా కాలుకే తెలీదు. బ్రేకు మీదకు అదే పోతుంది, నన్నడగదు."

సదాశివానికి హైమావతి పర్సు గుర్తొచ్చింది. నాణెం వేసే చెయ్యిని ఎన్ని మాటలంటే మాత్రం మానింది?

ఆ మధ్యాహ్నమే కాగితం పరిచి గీతలు మార్చాడు. ఆగే గీతను, దీపాన్ని మలుపు పైకి, తెల్లరాయికి ముందే, యూజీన్ గేటు పక్కకు జరిపాడు. కేబిన్‌ను ఆ చదును మీంచి లేపి పొలంలో ఒక మూలకు మార్చాలి. మూల ఇస్తానని యూజీన్ అన్నాడు. ఫ్లడ్‌లైటు మొహం ఏటి వైపు తిప్పాలి.

ట్రెవర్ కాగితం చూసి పెదవి విరిచాడు. "గీత అంత దూరం పోతే బండ్లు వంతెన దాటడానికి ఎక్కువసేపు పడుతుంది. ఎరుపు పెరుగుతుంది."

"పెరగనీ. వచ్చిన ప్రతి బండీ కన్నుకు ఆని, పచ్చ వెలిగితే చాలు."

"తేడా వస్తే?"

"తేడా వస్తే మూసేద్దువుగాని. కోన్లు నేనే పేరుస్తాను."

పేర్చింది అతనే. క్రేను కేబిన్‌ను ఎత్తి పొలంలో దించింది. ఖాళీ అయిన చదును మీద గడ్డి పసుపుగా నలిగి ఉంది. వారం చివరికి వరస చర్చి దగ్గరే ఆగుతోంది, తర్వాత యూజీన్ గేటుకు కాస్త వెనకే. ట్రెవర్ మెచ్చుకోలేదు. మూసివేత బోర్డులు వేసుకొచ్చిన లారీని మాత్రం దించకుండానే వెనక్కి పంపించాడు.

శనివారం హైమావతికి డ్యూటీ లేకుండా సెలవు పడింది. "ఏవిటండీ ఆ వంతెన, ఓసారి చూపించండి," అంటే వ్యానులో తీసుకొచ్చాడు. గేటు దగ్గర ఎరుపు. ముందు నీలం కారు.

సదాశివం స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. కారు మెల్లగా జరిగి, సరిగ్గా గీత మీద ఆగింది. అద్దం దిగలేదు. పచ్చ వెలిగింది. యూజీన్ వెనక అద్దంలో వ్యానును గుర్తుపట్టి, స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తి ముందుకు కదిలాడు.

"వేలు చూపిస్తాడేంటండీ ఆయన?"

"ఇక్కడ నమస్కారం అదే."

చదును దగ్గరకు వచ్చేసరికి నీలం కారు వెనక ఎర్రలైట్లు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయాయి. ఆగలేదు. వంతెన ఎక్కింది. వ్యాను వెంటే ఎక్కింది. కింద నీళ్ళు కనిపించగానే హైమావతి పర్సు తెరిచి, అందులో వేలు పెట్టి తడుముతూ తల ఎత్తింది.

"ఇందులో ఇటువైపు పెన్నీలూ ఉన్నాయి, అటువైపు సెంట్లూ ఉన్నాయి. ఏది వెయ్యమంటారు?"

సదాశివం ఈసారి వద్దనలేదు. అద్దం తనే దించాడు.

"ఏదైనా వెయ్యి. తొందరగా కానీ, వెనక బండ్లున్నాయి."