నీడలో కూర్చుని ఎండను కొలిచినవాళ్లకు

మీరు అబద్ధం ఆడినారు. ఈ మాట ముందే అనేస్తే తర్వాత మాట్లాడుకోవడం సులువు. మా సైన్సు సారు పోయిన వారం ఆదోనిలో కన్నుమూసినాడు. మీరు సంతాప సభ పెట్టినారు. "సూర్యుణ్ణి కొలిచిన మహానుభావుడు" అన్నారు. ఆ కొలత ఎందుకు కొలిచినాడో, కొలిచి ఏం తేల్చినాడో చెప్పడానికి మీలో ఒక్కరికీ నోరు రాలేదు. ముందు వరుసలో నూనె మిల్లు యజమాని కూర్చుని ఉంటే ఎట్లా వస్తుంది?

నాకు మైకు ఇవ్వలేదు. అందుకే రాస్తున్నాను.

సారుది ఆదోనిలో రేకుపని చేసే కుటుంబం. అన్నదమ్ములు డబ్బాలు, గరాటులు చేసి అమ్మేవాళ్లు. ఈయన ఒక్కడే చదువులో పడి ఎమ్మిగనూరు హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. పొద్దున బస్సులో పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. మా ఎదురిల్లు. నేను కార్మిక సంఘంలో తిరిగేవాణ్ణి. ఆయన ఏ సంఘంలోనూ లేడు. పేపరు మా ఇంట్లో, టీ వాళ్లింట్లో, తగవు వీధి మధ్యలో.

"నీ ఉపన్యాసంలో కోపముందప్పా, కొలత లేదు," అనేవాడు. "ఘోరమైన అన్యాయం అంటావు. ఘోరమంటే ఎంత?"

"కడుపు కాలేవాడు కొలబద్ద తెస్తాడా సారూ?" అని నేను ఎగిరేవాణ్ణి.

"వాడు తేడు. మనం తేవాల."

నాకు ఒళ్లు మండేది. ఆయన టీ సాసర్లో పోసుకుని నిదానంగా ఊదుకునేవాడు.

ఎక్కడ కూర్చోవాలన్నా ముందు అరచేయి ఆనించి చూసేవాడు. బస్సు సీటు, తాలూకా కచేరీ అరుగు, స్కూటరు, గోడ, ఏదైనా సరే. "ఏది ఎంత ఎండ తాగిందో చూస్తాండా" అనేవాడు. ఒకే ఎండలో పక్కపక్కనే ఉన్న తెల్ల సున్నం గోడా నల్ల కడప బండా ఒక్కటిగా వేడెక్కవని పిల్లలకు అట్లా చేతులు పెట్టించే నేర్పినాడు. బండ మీద చేయి పెట్టి "అబ్బా" అన్న పిల్లవానికి మార్కులు వేసేవాడని స్కూల్లో ఎగతాళి చేసేవాళ్లు.

ఎమ్మిగనూరులో అద్దకం వేసిన నూలును ఎండలో ఆరబెట్టరు, రంగు వెలిసిపోతుందని. నూలు చిలపలు, అంటే చుట్టిన నూలు కట్టలు, పందిరి కింద వేలాడతాయి. ఒక సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అన్నాడు: "నూలుకు నీడ ఉందప్పా. నూలు ఖరీదు వాళ్లకు తెలుసు." ఆ రోజు పొద్దున మా ఊరి నూనె మిల్లు కళ్లంలో ఏం జరిగిందో ఆయన బస్సులోనే విన్నాడు.

ఆదోనిలో ఉన్నవాళ్లకు ఆ కళ్లం తెలుసు. తెలియనట్టు నటించేవాళ్ల కోసం చెబుతున్నాను. కాలువ కింద పండిన శనక్కాయ ఎండాకాలంలో మిల్లుకొస్తుంది. నాపరాళ్లు పరిచిన కళ్లంలో పోసి, ఆడవాళ్ల చేత రోజంతా తిరగేయిస్తారు. ఆ పొద్దు ఒక బాలింత కాయ తిరగేస్తా తిరగేస్తా ముందుకు పడిపోయింది. ఆసుపత్రికి చేరకముందే పోయింది. "మనిషి బలహీనంగా ఉంది, తిండి తినకుండా వచ్చింది" అని మిల్లువాళ్లు చెప్పినారు.

మేము విచారణ అడిగినాం. కార్మిక శాఖ అధికారి వచ్చినాడు. మిల్లు ఆఫీసు వరండాలో మేకుకు ఉష్ణమాపకం తగిలించి, కింద కుర్చీ వేసుకుని, మజ్జిగ తాగి, పాదరసం చూసి, "మామూలు ఎండే" అని రాసుకున్నాడు. కళ్లంలోకి అడుగు పెట్టలేదు. నేను అరిచినాను. సారు నా భుజం మీద చేయి వేసి వెనక్కి లాగినాడు.

"అరిస్తే నీ గొంతు పోతాది. ఆయన లెక్క అట్లే ఉంటాది. మనం వేరే లెక్క చేస్తాం."

సారు రేకుపని చేసే వాళ్లన్న చేత ఒక డబ్బా చేయించినాడు. పళ్లెమంత వెడల్పు, వేలంత లోతు. పైన దీపం మసి పూసినాడు. లోపల నీళ్లు. పక్కన రంధ్రంలో ఉష్ణమాపకం. ఎండ మసిమీద పడితే నీళ్లు వేడెక్కుతాయి. ఎంతసేపటికి ఎంత వేడెక్కినాయో చూస్తే, అంత చోటు మీద ఎంత ఎండ పడిందో తేలుతుంది. ఆదివారం అది చంకలో పెట్టుకుని కళ్లంలోకి పోయినాడు.

ముఠా పెద్దామె, అంటే ఆడవాళ్లను పనికి కూడగట్టుకొచ్చే ముసలామె, డబ్బా చూసి నవ్వింది. "ఏం సారూ, సూర్యున్ని డబ్బాలో పడతావా? పట్టినాక మూత బిగించు. మా నెత్తులన్నా సల్లగుంటాయి."

"మూత నా చేతిలో లేదమ్మా. ఎంత ఉన్నాడో చెప్పేంతవరకే నా పని."

"ఎంతున్నాడో మా ఈపుల్ని అడుగు."

"అదే అడుగుతాండా," అన్నాడు.

అక్కడొక చిక్కు వచ్చింది. డబ్బా వేడెక్కుతూనే గాలికి కొంత వేడి పోగొట్టుకుంటుంది. ఎంత పోతుందో తెలియాలంటే ఎండలో పెట్టే ముందూ తీసిన తర్వాతా కాసేపు నీడలో పెట్టి చూడాలి. కళ్లమంతా వెతికితే నీడ లేదు. వరండాలో పెట్టనివ్వమని మిల్లు గుమాస్తాను అడిగితే పొమ్మన్నాడు. అప్పుడు ఆ ఆడవాళ్లే గోనెపట్టా నాలుగు కొసలూ పట్టుకుని డబ్బా మీద పందిరిలా నిలబెట్టినారు. చేతులు లాగుతున్నా దించలేదు.

"మాకు లేని నీడ నీ డబ్బాకు పట్టినాం సారూ, గుర్తుపెట్టుకో" అంది ముసలామె. అందరూ నవ్వినారు. సారు నవ్వలేదు. ఉష్ణమాపకం మీదికి వంగి అంకె రాసుకున్నాడు.

ఆ లెక్క తీసుకుని అధికారి దగ్గరికి ఇద్దరమూ పోయినాం. ఆయన మంచివాడిలాగానే మాట్లాడినాడు. అదే నాకు ఇంకా మంట.

"నేనూ ఎండలో నిలబడి చూసినానండీ, గేటు దగ్గర. ఓర్చుకోలేనంత లేదే?"

"మీరు నిలబడినారు సార్," అన్నాడు మా సారు. "మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. నిలబడినోనికి నెత్తి, భుజాలు, అంతే తగిలేది. వాళ్లు వంగి ఉంటారు. వంగిన వీపు పరిచిన పలక మాదిరి. ఎండంతా దానిమీదనే పడతాది. మీ ఎండ, వాళ్ల ఎండ ఒకటి కాదు. మీ ఉష్ణమాపకం చూపించింది వరండాలో గాలి ఎంత వేడిగా ఉందో. వీపు మీద పడింది అది ఎట్లా చూపిస్తాది?"

ఇంత తేటగా నేను జీవితంలో ఒక్క ఉపన్యాసమూ ఇవ్వలేదు. అధికారి కాగితం తీసుకున్నాడు. యజమానికి నకలు పంపినాడు.

పది రోజుల్లో కళ్లంలో పందిరి లేచింది.

నేను మిఠాయి కొనుక్కొని సారింటికి పోయినాను. ఆయన తినకుండా, "పోయి చూసొద్దాం పా" అన్నాడు. పోయినాం. పందిరి మంచి పందిరి. కొత్త బొంగులు, దట్టంగా తాటాకు. దాని కింద విత్తనం శనక్కాయ ఆరబోసి ఉంది. ఆడవాళ్లు బయట ఎండలో నూనెకు పోయే కాయ తిరగేస్తున్నారు. విత్తనం మీద అంత ఎండ పడితే మొలక చచ్చిపోతుందని యజమానికి సారు లెక్క చూసినాకే తట్టిందంట. ఆయన మాకు కృతజ్ఞతలు కూడా చెప్పినాడు. కాసేపు కూర్చుందామని పందిరి కిందికి పోయిన ఒక అమ్మాయిని గుమాస్తా కసిరి లేపడం మా కళ్లతో చూసినాం.

అధికారి నివేదికలో "కళ్లంలో పందిరి ఉంది" అని రాసి విచారణ మూసేసినాడు. ఆ వాక్యంలో అబద్ధం లేదు. అందుకే అంత నీచమైన వాక్యం నేను ఇంతవరకూ చదవలేదు.

తర్వాత సారు మీద ఫిర్యాదు పోయింది, బడి సామాను తీసుకుపోయి కూలివాళ్లను రెచ్చగొడుతున్నాడని. డబ్బా వాళ్లన్న చేసింది. ఉష్ణమాపకం ఆయన సొంతం. ఎవరు వింటారు? దూరంగా తుగ్గలి వైపు బదిలీ చేసినారు. ఆ రోజు బస్టాండులో సాగనంపడానికి మీలో ఎవరు వచ్చినారు? ఇప్పుడు పూలదండలతో వచ్చిన మొహాలలో ఒక్కటీ నాకు అక్కడ కనబడలేదు. ముఠా పెద్దామె వచ్చింది. వేయించిన శనక్కాయలు ఆయన సంచిలో పోసి, "ఇవి నీ లెక్కలో లేనివి సారూ, తినుకుంటా పో" అంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

రిటైరై వచ్చినాక మళ్లీ సాసర్లో టీ, మళ్లీ తగవు. మంచాన పడినాక ఒకసారి కోపం ఆపుకోలేక అడిగినాను: "ఆ లెక్క ఇయ్యకుంటే బాగుండు కదా సారూ? విత్తనానికి పనికొచ్చింది, మనిషికి రాలేదు."

"చేసిన లెక్కకు నేను క్షమాపణ చెప్పనప్పా," అన్నాడు. "ఆ వీపుల మీద పడేది ఎంతో ఇప్పుడు వాళ్లకు తెలుసు. తెలియలేదని అనే దారి మూసినాం. మిగిలింది నీ పని. అరిచి చెప్పు, ఇప్పుడు అరిచి చెప్పు. ఈసారి కొలతతో అరిచి చెప్పు."

అరుస్తున్నాను సారూ.

మిల్లు యజమానులకు, అధికారులకు, సభలో చప్పట్లు కొట్టిన పెద్దమనుషులకు మా డిమాండ్లు ఇవి:

కాయ తిరగేసే ఆడవాళ్ల మీద పందిరి వేయండి. కాయ మీద కాదు.

నడిపొద్దు ఎండలో పని ఆపండి. ఆపినందుకు కూలి కోయవద్దు.

కళ్లం పక్కనే తాగే నీళ్లు పెట్టండి.

ఎండను విచారించడానికి వచ్చే అధికారి కళ్లంలోకి దిగాలి. నిలబడి కాదు, వాళ్లతోపాటు వంగి.

ఆ బాలింత చావుకు కారణం బలహీనత అని రాసినచోట కొట్టేసి, ఎండ అని రాయండి. రాసింది ఆమె కూతురికి చూపించండి. ఎక్కడుందని వెతకక్కర్లేదు. మిల్లు గేటు దాటి కుడిచేతి వైపు చూస్తే, తలకు తువ్వాలు చుట్టుకుని వంగి ఉంటుంది.