పలకల అచ్చు

మా నాయన సెంట్రింగ్ మేస్త్రి. కాంక్రీటు పోసేముందు దానికి అచ్చుగా చెక్క పలకలు బిగించడం ఆయన పని. మా ఊరు దిబ్బూరహళ్ళి అయినా చింతామణి నుంచి బాగేపల్లి దాకా ఆయన పలక కొట్టని ఊరు తక్కువ. నాకేమో పాత కాంక్రీటు కట్టడాలను ఫోటోలు తీసే పిచ్చి. సిమెంటు పూత లేని గోడ కనబడితే చాలు, బస్సు దిగిపోతాను.

అలాంటి గోడల కోసం చండీగఢ్ వెళ్లాను, అహ్మదాబాద్ వెళ్లాను. బెంగళూరులో తెర మీద ఫోటోలు వేసి, గోడల మీద అచ్చుపడిన చెక్క చారలను చూపించి గంటసేపు మాట్లాడాను. రంగు వెలుస్తుంది, ఫ్యాషన్ మారుతుంది, ఈ చార మాత్రం చేసిన చేతిని చూపిస్తూనే ఉంటుందని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా! జంగమకోటె దగ్గర మా నాయన పలకలు కొట్టిన గోదాము ఉంది. మడతలు మడతలుగా కప్పు, ఎత్తైన గోడలు. దాన్ని మాత్రం ఒక్క ఫోటో కూడా తీయలేదు.

పోయిన వేసవిలో బుద్ధి పుట్టి, ఆదివారం వచ్చి గోదాము ఫోటో తీస్తానని నాయనకు ఫోన్ చేశాను. సరేనన్నాడు.

వెళ్లి చూద్దును కదా, ముందు గోడంతా తెల్లటి సున్నం! నిచ్చెన పక్కన నాయన, చొక్కా నిండా సున్నం చుక్కలు. గోదాము వాళ్లను అడిగి, ఆ పొద్దున్నే తనే దగ్గరుండి కొట్టించాడట. నా నోరు మంచిది కాదు. కొంప ముంచావు, నిన్నెవరు కొట్టమన్నారని నలుగురిలో అరిచేశాను.

ఆయన కోప్పడలేదు. పని అయ్యాక ఇంజనీరు పూత వద్దన్నాడని, తన పని పూతకు కూడా తగదేమోనని అనుకున్నానని చెప్పాడు. చీర కట్టకుండానే పెళ్లికూతురిని పీటల మీద కూర్చోబెట్టావే మేస్త్రీ అని జనం నవ్వారట. అప్పటినుంచి ఆ దారిన పోతే తల తిప్పుకునేవాడట. కూతురు ఫోటో తీస్తానంటే, గోదామును ఆ ముఖంతో నిలబెట్టడానికి మనసొప్పలేదు.

నాకు సిగ్గేసింది. చారలు కనబడాలనే ఇంజనీరు పూత వద్దని ఉంటాడని చెప్పాను. బెంగళూరులో చెప్పినవన్నీ ఆ గోడ ముందే నిలబడి మళ్లీ చెప్పాను. అంతా విన్నాడు.

"ఊర్లోళ్లకంతా చెప్పినావు. నాకు ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆయన భుజం మీది టవలు బకెట్లో ముంచి, ఇంకా గట్టిపడని సున్నాన్ని తుడవసాగాడు. చాపంత మేర తుడిచేసరికి చారలు బయటపడ్డాయి. ఒకచోట చెక్క కణుపు గుండ్రంగా అచ్చుపడి ఉంది. దాని మీద వేలు పెట్టాడు.

"ఇది మామిడి పలక. కణుపు ఉండాదని పక్కన పెట్టినాను. ఆ పొద్దు పలకలు చాలక దీన్నే కొట్టినాను. దీన్ని తియ్యమ్మా."

తీశాను. ఆయన వేలు తీయకముందే నొక్కాను, ఫోటోలో అదీ పడింది. ఇంకోటి తీయలేదు.