పంటి కింద గింజ

తాడేపల్లిగూడెంలో ఒక మిల్లుకు ధాన్యం చూసిపెట్టే పెద్దాయన మా కళ్లంలో గింజ కొరికి, అందరి ముందూ నాన్నగారితో, "పచ్చి ధాన్యం ఆరిందని అబద్ధం చెబుతారేంటండీ?" అన్నాడు. నాన్నగారు తలవంచుకున్నారు. వారం రోజులు ఎండలో కాళ్లతో తిరగేసి ఆరబెట్టిన ధాన్యం అది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట ఆయన చేతే వెనక్కి తీయించాలని ఆ రోజే అనుకున్నాను.

నేను వట్లూరులో కాలేజీ పిల్లలకు లెక్కలు చెబుతాను. గింజ కొరికి తేమ చెప్పడం రాదు. తేమ మీటరు కొన్నాను. ఆదివారాలు కళ్లాల్లో గుప్పెడేసి ధాన్యం అడిగి తెచ్చి, ముందు కొరికి, తేమ ఎంతో, అలా ఎందుకనిపించిందో రాసి, ఆ తరువాతే మీటరు పెట్టేదాన్ని. చాలాకాలం అన్నీ తప్పులే. ఆ తప్పులనే కూర్చుని చదివాను. ఎండలోంచి తీసిన వేడి గింజ టక్కున విరిగి ఆరినట్టు మోసం చేస్తుంది. పొద్దున్నే రాశి పైన తీసిన గింజ మంచుకు మెత్తబడి ఉంటుంది, లోపలిది ఆరే ఉంటుంది. నేను కోపంగా ఉన్న రోజున ప్రతి గింజా పచ్చిగానే తోచేది.

మూడో పంటకు ఆయన తెల్లవారుతూనే వచ్చాడు. పైగింజ కొరికి, "పచ్చేనండీ" అన్నాడు.

నేను రాశిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గింజ తీసి కొరికాను. "తేమ పద్నాలుగు శాతమేనండీ, ఆరిన ధాన్యమే. మీరు కొరికింది మంచుకు తడిసిన గింజ."

"లెక్కల టీచరుగారికి ధాన్యం కూడా తెలుసాండీ?" అని నవ్వాడు.

మీటరు పద్నాలుగు చూపించింది. కళ్లంలో అందరూ నవ్వారు, ఈసారి ఆయన్ని చూసి.

అక్కడితో ఆపవచ్చు. ఆపలేదు. పక్క రాశుల దగ్గరికీ తీసుకెళ్లి, లోపలి గింజే ఇచ్చి, ముందు ఆయన చేత చెప్పించాను. కంగారుగా కొరికిన పన్ను నిజం చెప్పదని నాకు తెలుసు. అందుకే అందరినీ చుట్టూ నిలబెట్టాను. రెండుచోట్లా తప్పు చెప్పాడు. నాకు హాయిగా అనిపించింది.

ఆయన నాన్నగారికి దణ్ణం పెట్టి, "ఆ రోజు తప్పుగా అన్నానండీ" అని వెళ్లిపోయాడు.

"ఏ రోజమ్మా?" అని నాన్నగారు నన్నడిగారు.